ఎనిమిదో నంబరు సంచి

మా ఫుట్‌బాల్ క్లబ్బులో ఎవరికీ ఏదీ నోటితో చెప్పేవాళ్లు కారు. మ్యాచ్ రోజున ఆటగాళ్లు డ్రెస్సింగ్ రూమ్ తలుపు తీయగానే ముందు గోడకేసి చూసేవాళ్లు. గోడ పొడవునా కొక్కేలు, వాటి కింద బల్ల. జెర్సీ వేలాడుతున్న కొక్కెం కింద కూర్చున్నవాడు ఆ రోజు ఆడతాడు. ఉత్త కొక్కెం కింద కూర్చున్నవాడు ఆడడు. సంజాయిషీ అడగడం, ఇవ్వడం ఆ గదిలో లేవు. కోచ్ ఇచ్చిన జాబితా చూసి ఆ జెర్సీలు తగిలించేది బాబాయ్.

బాబాయ్ అంటే ఆటగాళ్ల బట్టలు చూసుకునే ఆయన. ఉతకడం, ఆరేయడం, మడతలు పెట్టడం, బూట్లకంటిన మట్టి గీకడం ఇరవై ఏళ్లుగా ఆయన పని. కొత్తగా చేరిన కుర్రాడి దగ్గర్నుంచి తల నెరిసిన గోల్‌కీపర్ దాకా అందరికీ ఆయన బాబాయే. కన్నకొడుక్కి కూడా.

నేను చెప్పదలచుకున్నది ఆ కొడుకు సంగతి.

జట్టులో వాణ్ని పిచ్చుక అనేవాళ్లు. బంతి తన దగ్గరికి వచ్చేలోపల మెడ అటొకసారి, ఇటొకసారి, మళ్లీ అటొకసారి తిప్పి చుట్టూ ఎవరెక్కడున్నారో చూసుకునేవాడు. మిడ్‌ఫీల్డర్‌కి అదే అన్నం పెట్టే విద్య. గోలు కొట్టేవాడు జనానికి కనిపిస్తాడు, ఆపేవాడూ కనిపిస్తాడు. మధ్యలో ఉండేవాడు బంతి ఎవరికి పోవాలో ముందే చూసిపెట్టుకుని, వచ్చీ రాగానే పంపించేసి, చప్పట్లు మోగేసరికి ఇంకెక్కడో ఉంటాడు. మెడ తిప్పడం వాడికి మైదానంలో అబ్బింది కాదు. ఏడేళ్ల వయసులో బడి అయ్యాక తండ్రి బట్టలగదిలో బంతి తన్నుకునేవాడు. నాలుగు వైపులా మెషీన్లు, మధ్యలో ఇస్త్రీ బల్ల. వెనక ఏముందో చూసుకోకుండా తిరిగితే చెయ్యి కాలుతుంది. రెండుసార్లు కాలింది. మూడోసారి కాలలేదు.

పన్నెండేళ్లకి పిల్లల జట్టులో తీసుకున్నారు. ఆ రోజు గేటు దగ్గర బాబాయ్ కొడుకుని ఆపి, "ఒరేయ్, గేటు లోపల నేను నీకు నాన్నని కాను. అందరిలాగే బాబాయ్ అను. లేకపోతే నీ జెర్సీ ఎక్కిన ప్రతిసారీ నేనే ఎక్కించానంటారు" అన్నాడు.

"మరి గేటు బయట?"

"బయట నాన్ననే. ఎక్కడికి పోతాను?"

వాడికది ఆటైపోయింది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి, "బాబాయ్! నాన్నా! బాబాయ్! నాన్నా!" అని గెంతేవాడు. కాపలా మనిషి నవ్వలేక చచ్చేవాడు.

ఇదంతా నాకెలా తెలుసంటే, నేను ఆ క్లబ్బు ఆఫీసులో టైపిస్టుని. పొద్దున్న ఆఫీసు పని మొదలయ్యేదాకా, మళ్లీ మధ్యాహ్నం డబ్బా తెచ్చుకుని, ఒక పుస్తకం పట్టుకుని బట్టలగదికి పోయేదాన్ని. ఆఫీసులో చలి, అక్కడ డ్రయ్యర్ల వెచ్చదనం. పైగా చదువుకుంటున్న మనిషిని బాబాయ్ కదిలించడు. అలా పక్కన కూర్చున్నందుకే ఆయన చేసే రెండో పని నా కంటబడింది.

ఒక్కో ఆటగాడికి ఒక్కో వల సంచి, దానికి నంబరు బిళ్ల. విడిచిన సాక్సులు, లోపలి బట్టలు అందులో వేసి జిప్పు లాగి పడేస్తారు. అలాగే మెషీన్లోకి పోతాయి, అలాగే బయటికి వస్తాయి. బాబాయ్ మాత్రం వేసేముందు ప్రతి సంచీ విప్పి సాక్సులు తీసేవాడు. ముందు వాసన చూసేవాడు. తర్వాత చెయ్యి లోపలికి పోనిచ్చి తిరగేసేవాడు. ఆఖరున మడమ దగ్గర పట్టుకుని లాగేవాడు. నొప్పులకి రాసుకునే మందు వాసన, అంటుపట్టీ జిగురు, ఒక కాలు మీద బరువు మోపనివాడి సాక్సు ఒకవైపే అరిగిన తీరు, అన్నీ ఆయనకి అచ్చక్షరాల్లా తెలిసేవి. మడమ సాగిన తీరుని బట్టి ఏ సాక్సు ఎవరిదో కళ్లు మూసుకుని చెప్పేస్తాననేవాడు. చెప్పేవాడు కూడా.

సోమవారం ఉదయం కోచ్ టీ గ్లాసు పట్టుకుని అక్కడికి వచ్చేవాడు. "ఏం బాబాయ్, బట్టలెలా ఉన్నాయి?" అనేవాడు. "బాగున్నాయి సార్" అంటే బాగున్నట్టు. ఎప్పుడైనా, "నాలుగో నంబరు బట్టలు కాస్త చూడండి సార్" అనేవాడు. వచ్చే మ్యాచ్‌కి నాలుగో కొక్కెం ఉత్తగా ఉండేది. దెబ్బ తగిలిందని తెలిస్తే చోటు పోతుంది గనక ఆటగాళ్లు చచ్చినా చెప్పరు. నవ్వుతారు, గెంతుతారు, తమకేం లేదని ఒట్లు పెట్టుకుంటారు. సాక్సులు ఒట్టు పెట్టుకోవు.

"ఇది చాడీ కాదక్కా" అనేవాడు నాతో. "దాచుకుని ఆడితే కాలు పోతుంది. నేను చెప్పబట్టి ఎన్ని కాళ్లు మిగిలాయో మీకేం తెలుసు."

కాళ్లు మిగిలిన మాట నిజమే. ఆ కాళ్లలో నాలుగు జతలకి క్లబ్బు వద్దనుకున్న ఉత్తరాలు టైపు చేసింది నేనే.

ఇంట్లో ఆయన భార్య నోటికి అడ్డు లేదు. "ఊరందరి సాక్సులూ వాసన చూసే మొగుడు. ఊరందరి కాళ్లకీ బంతి అందించే కొడుకు. నాకో గ్లాసు మంచినీళ్లు అందించే దిక్కు లేదు ఈ కొంపలో!" అనేది. అంటూనే పక్కింటివాళ్లని పిలిచి పేపర్లో పడ్డ కొడుకు ఫొటో చూపించేది. అందులో వాడి వీపు మాత్రమే పడింది, ఎనిమిది అంకెతో.

పందొమ్మిదేళ్లకి పిచ్చుక పెద్ద జట్టులోకి వచ్చాడు. వాడి పక్క కొక్కెం ఆరో నంబరుది. వాడూ మిడ్‌ఫీల్డరే, ఈడూ ఒకటే. అందరితోనూ తియ్యగా మాట్లాడతాడని చక్కెర అనేవాళ్లు. బయటి ఊరి మ్యాచ్‌లకి వెళితే ఇద్దరికీ ఒకే గది. ఒకడి దువ్వెన ఒకడు వాడుకునేవాళ్లు.

రెండేళ్లు గడిచాయి. ఇద్దరి కాంట్రాక్టులూ ఒకే వేసవిలో అయిపోతున్నాయి. ఇంకో మూడు మ్యాచ్‌లున్నాయనగా కోచ్ అందరి ముందూ తేల్చేశాడు. "మధ్యలో ఇద్దరు కుర్రాళ్లని పెట్టుకునే స్తోమత మనకి లేదు. ఒకడే ఉంటాడు. ఎవడుంటాడో ఈ మూడు మ్యాచ్‌లూ చూసి చెబుతాను." అప్పటికి పిచ్చుకదే పైచేయి. అది చక్కెరకీ తెలుసు.

ఆ సోమవారం నేను బట్టలగదిలోనే ఉన్నాను. ఆ రోజు బాబాయ్ చేతికి మొదట వచ్చిన సంచి ఎనిమిది. సాక్సులు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అలాగే ఉండిపోయాడు. నేను కూర్చున్న చోటికే వచ్చింది మందు ఘాటు. ఎడమ సాక్సు పిక్క భాగమంతా నూనె మరక.

తిరగెయ్యలేదు. మడమ పట్టుకుని లాగలేదు. ఇరవై ఏళ్లలో ఆ రెండు పనులూ చెయ్యకుండా ఆయన సాక్సు కింద పెట్టడం అదొక్కసారే చూశాను. ఆ జతని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, సూదులూ దారాలూ ఉండే సొరుగులోకి తోసేశాడు. మిగతా సంచులు విప్పకుండానే మెషీన్లో పడేశాడు.

"వాణ్ని అడక్కూడదూ?" అన్నాను.

"అడిగితే దాచడం నేర్చుకుంటారక్కా. ఇన్నేళ్లలో ఎవర్నీ అడగలేదు."

"వాడు మీ అబ్బాయి."

"గేటు లోపల కాదుగా."

కోచ్ రావడానికి ఇంకా గంటన్నర ఉంది. ఆ గంటన్నరా ఆయన మడతపెట్టిన తువ్వాళ్లనే విప్పి మళ్లీ మడతపెట్టాడు. ఇంకో మూడు మ్యాచ్‌లు నోరు మూసుకుంటే కొడుక్కి చోటు దక్కుతుంది, పిక్క చిరిగితే ఆ కాలే దక్కదు. మిగతావాళ్ల పిల్లల విషయంలో చెప్పిన నోరు తన పిల్లాడి దగ్గర మూతపడితే ఇన్నాళ్లూ చేసింది చాడీ తప్ప ఇంకేమీ కాదు. ఇవన్నీ ఆయన తర్వాతెప్పుడో నాతో అన్న మాటలు. అప్పుడు మాత్రం తువ్వాళ్లే మడతపెట్టాడు.

కోచ్ వచ్చాడు. "ఏం బాబాయ్, బట్టలెలా ఉన్నాయి?"

డ్రయ్యర్ తిరుగుతోంది.

"ఎనిమిదో నంబరువి చూడండి సార్."

కోచ్ చేతిలో గ్లాసు ఆగిపోయింది. "ఎనిమిదా?"

"ఎనిమిదే సార్."

కోచ్ ఆయన భుజం మీద చెయ్యి వేసి, "నీలాంటి మనిషిని నేను చూడలేదయ్యా" అన్నాడు. టీ అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

డాక్టరు పిచ్చుక పిక్కని నాలుగు చోట్ల నొక్కాడు.

"ఇక్కడ?"

"లేదు సార్."

"ఇక్కడ?"

"లేదు సార్. నిజంగా ఎక్కడా లేదు" అని పిచ్చుక నవ్వేశాడు. దాచేవాళ్లందరూ అలాగే నవ్వుతారు. చిన్న చిరుగులు చేతికి తెలియవని, స్కానింగ్‌కి వంతు వచ్చేసరికి నెల్లాళ్లు పడుతుందని, ఈలోగా ఆడించకపోవడమే మేలని డాక్టరు రాసిచ్చాడు.

శనివారం పిచ్చుక డ్రెస్సింగ్ రూమ్ తలుపు తీసి గోడకేసి చూశాడు. మూల బూట్లు సర్దుతున్న తండ్రి దగ్గరికి వెళ్లి, "బాబాయ్, నా జెర్సీ ఇంకా ఆరలేదా?" అన్నాడు.

"ఆరింది. లిస్టులో లేదు."

"డాక్టరు మాట పట్టుకునా? నీకు తెలీదూ నాకేం లేదని? చెప్పు సార్‌కి."

"నేను బట్టలు చూసేవాణ్ని నాయనా. కాళ్లు డాక్టరు చూస్తాడు."

వాడు వెళ్లి ఉత్త కొక్కెం కింద కూర్చున్నాడు. పక్కన చక్కెర బూటు లేసు కట్టుకుంటూ తల ఎత్తలేదు.

ఆ వారమంతా ఇంట్లో గోల. వాళ్లుండేది నాలుగో అంతస్తు. పిచ్చుక కింది మెట్టు నుంచి పైదాకా పరుగెత్తేవాడు, ఒంటికాలి మీద దిగేవాడు. "నాన్నా, చూడు! నొప్పున్నవాడు ఇలా గెంతుతాడా?" అనేవాడు. కింది వాటావాళ్లు తలుపు తీసి తిట్టేవాళ్లు. తల్లి, "వాడి కాలికేం లేదని గోడలకి కూడా తెలిసిపోయింది, మీకు తెలియదేం?" అని మొగుడి మీద పడేది.

బాబాయ్ ఎటో చూస్తూ, "గెంతకురా. ఇంకా చిరుగుతుంది" అనేవాడు. ఎంత గెంతితే అంతగా నమ్మకం కుదిరేది ఆయనకి. నొప్పి లేనివాడు ఇంత చూపించుకోవాలా?

మొదటి మ్యాచ్ అయింది. రెండో మ్యాచ్‌లో చక్కెర గోలు కూడా కొట్టాడు. మూడోదాని దాకా ఆగక్కర్లేదని గురువారం కోచ్ నాకు రెండు కాగితాలు ఇచ్చాడు. ఆరో నంబరుతో రెండేళ్ల ఒప్పందం ఒకటి. రెండోది ఎనిమిదో నంబరుకి, ఇన్నాళ్ల సేవలకి కృతజ్ఞతలు. పాత ఉత్తరాల్లో పేరొకటి మార్చి ఇచ్చాను, ఎప్పటిలాగే.

పిచ్చుక ఆఫీసుకి వచ్చి సంతకం పెట్టి తన కాగితం తీసుకున్నాడు. నన్ను అత్తా అని పిలిచేవాడు. "అత్తా, టైపింగులో తప్పులేం లేవు కదా?"

"లేవు నాన్నా."

"పేరు నాదేనా?"

వాడు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, ద్వారం దగ్గర అలవాటుగా మెడ అటూ ఇటూ తిప్పి చూసి వెళ్లిపోయాడు. అప్పటికి వాడికి ఇరవై ఒకటి.

ఆ శనివారం ఆఖరి మ్యాచ్. డెబ్బయ్యో నిమిషంలో, చుట్టుపక్కల ఎవరూ లేకుండానే, చక్కెర ఎడమ పిక్క పట్టుకుని కూలబడ్డాడు. స్ట్రెచర్ మీద తీసుకుపోయి ఈసారి వెంటనే స్కానింగ్ చేయించారు. ఒప్పందం ఉన్న కాలు మరి. సోమవారం నడవాలో డాక్టరు కోచ్‌తో, "మొన్నటిది కాదండీ ఈ చిరుగు. నెల నాటిది. దీంతో మూడు మ్యాచ్‌లెలా పరుగెత్తాడో!" అంటున్నాడు. బట్టల తొట్టి తోసుకుంటూ పోతున్న బాబాయ్ ఆ మాట విన్నాడు.

తొట్టి అక్కడే వదిలేసి గదిలోకి వచ్చి సొరుగు లాగాడు. ప్లాస్టిక్ సంచి విప్పి ఆ సాక్సు తీశాడు. చెయ్యి పెట్టి తిరగేశాడు. మడమ పట్టుకుని లాగాడు. అది వెడల్పుగా, గోనెలా సాగింది. పిచ్చుకది సన్నటి మడమ, వాళ్లమ్మ పోలిక. ఆయన నా వైపు చూడలేదు. ఒక బుట్ట బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

చక్కెర కర్రల మీద వచ్చాడు ఆ మధ్యాహ్నం, సామాను తీసుకుపోవడానికి. బాబాయ్ సాక్సు ఎత్తి చూపించాడు. వాడు గోడకి ఆనుకుని ఏడ్చేశాడు. ఆ ఏడుపులో నటనేమీ లేదు.

"నువ్వు వాసన చూస్తావని నాకు రెండేళ్ల నుంచీ తెలుసు బాబాయ్. నా సంచిలో వేస్తే చెప్పేస్తావు. అందుకని పిచ్చుక సంచిలో వేసి, వాడివి నా సంచిలో వేశాను. ఆ తర్వాత మందు రాసుకోవడమే మానేశాను."

"వాడి కడుపు కొట్టడానికా?"

"ఒట్టు బాబాయ్, కాదు! వేరేవాడి సంచిలో వేస్తే వాడి చోటు పోతుంది. నీ కొడుకు సంచిలో వేస్తే ఎవరికీ ఏమీ కాదనుకున్నా. సొంత కొడుకు మీద నువ్వు చెబుతావని ఎవడనుకుంటాడు? ఎవడు చెబుతాడు?"

బాబాయ్ సాక్సులు రెండూ మళ్లీ సంచిలో చుట్టాడు.

ఆ జత పట్టుకుని కోచ్ దగ్గరికి వెళ్లాడు. పక్క గదిలోంచి నాకు ప్రతి మాటా వినబడింది.

"పొరపాటైంది సార్. అవి మావాడివి కావు. ఆరో నంబరువి."

"బాబాయ్, ఇరవై ఏళ్లలో నీ మాట ఒక్కసారైనా తప్పిందా?"

"ఈసారి తప్పింది సార్. మడమ చూడలేదు."

"ఎప్పుడూ తప్పనిది కొడుక్కి ఉత్తరం అందాక తప్పిందా?" కోచ్ గొంతు మెత్తగానే ఉంది. "నువ్వూ తండ్రివేగా, నేనర్థం చేసుకోగలను. సాక్సు మీద పేరేమన్నా ఉంటుందా? ఉన్నవాడి కాలు బాగుచేయించుకోవాలి గాని, వెళ్లిపోయినవాడి గురించి ఇప్పుడెందుకు. పోయి టీ తాగు."

ఆ తర్వాత కోచ్ సోమవారాలు బట్టలగదికి రావడం మానేశాడు. కొడుకు కోసం ఒకసారి అబద్ధమాడాడన్న పేరు బాబాయ్‌కి నిలిచిపోయింది. ఆయన జీవితం మొత్తంలో కోచ్‌తో తప్పు చెప్పింది ఒకేసారి. అది కోచ్ నమ్మేశాడు. సరిదిద్దబోయింది ఒకేసారి. నమ్మనిది ఆ ఒక్కటే.

కొన్నాళ్లకి నన్నడిగాడు. "అక్కా, ఆ నాలుగో నంబరు వాడు... అవి వాడివేనంటారా?" ఉత్తరాలు టైపు చేసినదాన్ని, నేనేం చెప్పగలను? నేను పుస్తకంలో తలపెట్టుకున్నాను. ఆ పేజీలో ఏముందో ఇప్పటికీ తెలియదు.

ఇంట్లో మాత్రం చెప్పలేదు. పిచ్చుకకి ఇంకో క్లబ్బు దొరికితే చెప్పక్కర్లేదనుకున్నాడు. వాడు రెండేళ్లలో మూడు క్లబ్బులు తిరిగాడు. ప్రతిచోటా వారం పది రోజులు ఆడించి చూసి ముచ్చటపడేవాళ్లు. ఆపైన పాత కోచ్‌కి ఫోను చేసేవాళ్లు. ఆయన చెడ్డ మనిషి కాదు, ఉన్నదున్నట్టే చెప్పేవాడు. "మంచి కుర్రాడు. మెడ మీద కళ్లున్నాయి వాడికి. ఆ ఎడమ పిక్కే నమ్మకం లేదు. పైగా దాస్తాడు." మర్నాడు వాడి బ్యాగు వాడికి ఇచ్చేసేవాళ్లు.

మూడోసారి తిరిగొచ్చి వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని, "నాకు లేని నొప్పి నాకంటే ముందు ఊళ్లు తిరుగుతోందమ్మా" అన్నాడట. ఇక్కడినుంచి వాళ్లమ్మ నాకు చెప్పిందే.

బాబాయ్ లేచి వెళ్లి ఆ ప్లాస్టిక్ సంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు. మొదట్నుంచీ చెప్పుకొచ్చాడు. వాసన, సొరుగు, సోమవారం, చక్కెర, కోచ్. ఏదీ తగ్గించుకోలేదు. టీ మీద మీగడ కట్టింది.

పిచ్చుక ఆ సాక్సు తీసి ఎడమ కాలికి తొడుక్కున్నాడు. మడమ దగ్గర వేలితో పట్టి లాగాడు. రెండు వేళ్ల గుడ్డ ఖాళీగా వేలాడింది.

"చెప్పేముందు ఒక్కసారి నన్నడగొచ్చుగా?"

"ఎవర్నీ అడగలేదురా. ఏనాడూ."

"ఎవర్నీ" అన్నాడు వాడు. సాక్సు విప్పి, చక్కగా మడతపెట్టి, జతలో రెండోదాని పక్కన పెట్టాడు. గ్లాసు తండ్రి ముందుకి జరిపాడు. "టీ తాగు బాబాయ్. చల్లారిపోతోంది."

తల్లి నవ్వబోయి ఆగిపోయింది. గేటు లేదక్కడ. వాళ్ల వంటిల్లది.

"అరిచినా బాగుండేదక్కా. ఆ గ్లాసు గోడకేసి కొట్టినా బాగుండేది" అంది నాతో.

పిచ్చుక పార్సిల్ వ్యాను నడపడానికి చేరాడు. ఇప్పుడు నలభై దాటింది. ఇద్దరు పిల్లలు. బరువైన పెట్టెలు నాలుగేసి అంతస్తులు మోస్తాడు. ఇవాళ్టికీ ఆ ఎడమ పిక్కకి ఏమీ కాలేదు. తల్లి పోయాక తండ్రిని తన దగ్గరే పెట్టుకున్నాడు. వేళకి మందులు, వేడినీళ్లు, వారం వారం గడ్డం గీయడం, ఒక్కటి తక్కువ చెయ్యడు. "బాబాయ్, లే." "బాబాయ్, మాత్ర వేసుకున్నావా?" పిల్లలు తాతయ్య అంటే, వాడు బాబాయ్ అంటాడు. ఇరవై ఏళ్లలో ఒక్కసారి కూడా నోరు జారలేదు. ముసలాయన మొదట్లో ఒకటి రెండుసార్లు పలక్కుండా ఉండి చూశాడట. వాడు అంతే ఓపిగ్గా రెండోసారీ అలాగే పిలిచాడు. ఆయన పలికాడు.

పోయిన నెల ఆయనకి కంటి ఆపరేషన్ అంటే నేనూ తోడు వెళ్లాను. నావీ అంతంతమాత్రపు కళ్లే గనక డాక్టరుకి చూపించుకుందామని. కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయి కాగితం నింపుతూ పిచ్చుకతో, "సంతకం దగ్గరి బంధువు పెట్టాలి సార్. ఈయన మీకేమవుతారు?" అంది.

"బాబాయ్."

"అయ్యో, ఆయన పిల్లలెవరూ రాలేదా? కొడుకులు లేరా?"

పిచ్చుక మెడ అటొకసారి, ఇటొకసారి తిప్పాడు, బంతి వచ్చేముందులాగా. ఒక పక్కన నేను, ఒక పక్కన కుర్చీలో టోకెను పట్టుకుని ఆయన. ఆయన కళ్లకి అప్పటికే చుక్కలు వేశారు, ఎవరూ ఆనడం లేదు. చెవులు మాత్రం బాగానే వినబడతాయి.

"ఒకడుండేవాడమ్మా" అన్నాడు ముసలాయనే. "ఆడేవాడు. మధ్యలో."

అమ్మాయి సరేనని తలూపి కాగితం ముందుకి తోసింది. పిచ్చుక సంతకం పెట్టి, చెయ్యి అందించి, "మెట్టుంది బాబాయ్, చూసుకో" అంటూ ఆయన్ని లోపలికి నడిపించుకుపోయాడు.